ఆదివారం నాన్న, సోమవారం నాన్న

ఈ పేజీల్లో మామూలుగా జ్వరాల గురించో, బాలింతల ఆహారం గురించో, షుగరు గురించో రాస్తుంటాం. ఈసారి థర్మామీటరుకు అందని విషయం ఒకటి రాస్తున్నాను. అయినా ఇది కూడా ఆరోగ్యానికి సంబంధించినదేనని నా అభిప్రాయం. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మన తెలుగు బైబిలులో ప్రభువు పరిసయ్యులను పిలిచిన మాట ‘వేషధారులు’. సువార్తలు రాసిన గ్రీకు భాషలో ఆ మాటకు నాటకంలో వేషం కట్టేవాడు అని అర్థం. మన అనువాదకులు దాన్ని ఎంత చక్కగా పట్టుకున్నారో! మన పల్లెల్లో పెద్దవాళ్ళకు పగటివేషగాళ్ళు గుర్తుండే ఉంటారు. ఒకరోజు రాజుగా, ఒకరోజు సన్యాసిగా వీధిలోకి వచ్చి, ఆఖరి రోజున ఇంటింటికీ తిరిగి బియ్యమో, డబ్బులో పుచ్చుకుని వెళ్ళేవారు. వాళ్ళది మోసం కాదు. అది వేషమని వాళ్ళకూ తెలుసు, చూసే మనకూ తెలుసు. వేషం వేశామని ఒప్పుకోని వేషంతోనే చిక్కు.

చర్చిలో మనల్ని చూసేవాళ్ళు నాటకానికి ముందు వరసలో కూర్చున్నవాళ్ళ లాంటివారు. తెల్ల చొక్కా, చేతిలో బైబిలు, కన్నీటి ప్రార్థన వాళ్ళకు కనబడతాయి. పిల్లలు అలా కాదు. వాళ్ళు తెర వెనక, మనం రంగు పూసుకునే చోట, రంగు కడుక్కునే చోట మనతోనే ఉంటారు. అందుకే సంఘం మొత్తాన్ని నమ్మించిన మనిషి కూడా పదేళ్ళ కూతుర్ని నమ్మించలేడు.

మా వృత్తిలో దీనికి దగ్గరి విషయం ఒకటుంది. మన ధవళేశ్వరం ఆనకట్ట పనులు మొదలైన 1847లోనే వియన్నా నగరంలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు ఒక సంగతి కనిపెట్టారు. ఆయన పనిచేసే పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి వార్డులుండేవి. మంత్రసానులు పురుడు పోసే వార్డులో కంటే డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుడు పోసే వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోయేవారు. శవపరీక్షలు చేసిన చేతులతోనే వాళ్ళు కాన్పుల దగ్గరకు వస్తున్నారని ఆయన గ్రహించి, క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడిగించారు. చావులు బాగా తగ్గిపోయాయి. ఆ డాక్టర్లు చెడ్డవాళ్ళు కారు. మేలు చేస్తున్నామనుకుంటూనే వాళ్ళు చేతులతో జబ్బు మోసుకొచ్చారు. ఇది ప్రతి నర్సుకూ తెలిసిన కథే. ఇప్పటికీ మా అందరికీ తెలిసిన ఇంకో సంగతేమిటంటే, పైవాళ్ళు తనిఖీకి వచ్చిన రోజున అందరి చేతులూ శుభ్రంగా ఉంటాయి. అసలు పరీక్ష రాత్రి రెండు గంటలకు, వార్డులో ఎవరూ చూడనప్పుడు.

తల్లిదండ్రులకు ఆ వెసులుబాటు కూడా లేదు. ఇంట్లో పిల్లల తనిఖీ ఎప్పటికీ అయిపోదు. 1961లో అమెరికాలో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లలతో ఒక పరిశోధన చేశారు. పెద్దవాళ్ళు ఒక బొమ్మను కొట్టడం, తిట్టడం కొందరు పిల్లలకు చూపించారు. తరువాత ఆ పిల్లలను బొమ్మ దగ్గర వదిలితే వాళ్ళూ అలాగే కొట్టారు, అవే తిట్లు తిట్టారు. కొట్టమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి బైబిలు చదివేవాళ్ళకు కొత్తేమీ కాదు. అబ్రాహాము ప్రాణభయంతో శారాను చెల్లెలని రెండుసార్లు చెప్పాడు. ఆ తరువాత ఇస్సాకు గెరారులో రిబ్కా గురించి అచ్చంగా అదే అబద్ధం ఆడాడు. అబ్రాహాము కొడుకును కూర్చోబెట్టి అబద్ధం నేర్పి ఉంటాడా? విశ్వాసులకు తండ్రి అనిపించుకున్నవాడి ఇంట్లో కూడా విశ్వాసంతోపాటు భయం, అబద్ధం కూడా వారసత్వంగా వచ్చాయి.

మరి మాట, బ్రతుకు ఒకటిగా ఉన్న తల్లిదండ్రులు ఎక్కడైనా ఉన్నారా అంటే, మన డెల్టా సంఘాల చరిత్రలోనే ఉన్నారు. ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ గారు ఇంగ్లండులో ఎక్సెటర్ పట్టణంలో దంతవైద్యుడు. మంచి రాబడి ఉండేది. క్రైస్తవుడు ధనం కూడబెట్టుకోకూడదని, ఉన్నదాన్ని దేవుని పనికి, బీదలకు వాడాలని 1825లో ఆయన ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. అలాంటి పుస్తకాలు రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. కానీ ఆ భార్యాభర్తలు మొదట రాబడిలో పదో వంతు, తరువాత నాలుగో వంతు ఇచ్చి, చివరికి ఇంటి అవసరాలు పోను మిగిలినదంతా ఇవ్వడం మొదలుపెట్టారు. మిషనరీగా వెళ్ళాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. భార్య మేరీ గారికి మొదట అది ఇష్టం లేదు. వాక్యాలు చూపించి ఆమె నోరు మూయించకుండా ఆయన ఆగారు. ఇది నాకు ఆయన దానధర్మాలకంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఇంట్లో మాట నెగ్గించుకోవడానికి బైబిలును బెత్తంలా వాడే మగవాళ్ళను చాలామందిని చూశాను.

1829లో గ్రోవ్స్ కుటుంబం ఇద్దరు కొడుకులతో బాగ్దాదు బయలుదేరింది. 1831లో అక్కడ ప్లేగు, వరద, యుద్ధం ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. ఆ ప్లేగులోనే మేరీ గారు చనిపోయారు. చంటిబిడ్డ కూడా అదే ఏడు పోయింది. 1833లో ఆయన మన దేశానికి వచ్చారు. తిరిగి ఇంగ్లండు వెళ్ళి, 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ గార్లను వాళ్ళ భార్యలతో సహా వెంటబెట్టుకుని మద్రాసులో దిగారు. ఆ రెండు కుటుంబాలు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో మొదలుపెట్టినదే గోదావరి డెల్టా మిషను.

నాకు ఇందులో ముఖ్యం పిల్లల సంగతి. గ్రోవ్స్ గారి పెద్దకొడుకు హెన్రీ పన్నెండేళ్ళ వయసులో ఊరు కాని ఊళ్ళో తల్లిని పోగొట్టుకున్నాడు. తండ్రి నమ్మకం మీద అలగడానికి ఆ పిల్లవాడికంటే ఎక్కువ కారణం ఎవరికుంది? పెద్దయ్యాక ఆయనా సేవకుడే అయ్యారు, మిషనరీల వార్తలు అచ్చువేసే పత్రికకు సంపాదకుల్లో ఒకరయ్యారు. బీర్ గారి కొడుకులు, బౌడెన్ గారి కొడుకులు ఇక్కడే తండ్రుల పని అందుకున్నారు. ఆ ఇళ్ళలో పిల్లలు తెర వెనక కూడా అదే మనిషిని చూసి ఉంటారని నా నమ్మకం. గ్రోవ్స్ గారు పొరపాట్లు చేయనివారేమీ కాదు. చిత్తూరులో పొలం, పట్టుపురుగుల పెంపకం పెట్టి చాలా ఇబ్బందులు పడ్డారు. అది కూడా పిల్లల ఎదుటే జరిగింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పిల్లలు దారి తప్పిన ప్రతి ఇంట్లోనూ తల్లిదండ్రులు వేషధారులని అనుకోకండి. ఏలీ కొడుకులు చెడిపోయారు, నిజమే. మచ్చలేని సమూయేలు కొడుకులు కూడా లంచాలు తిన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద నిలబడి ఎదుటివాళ్ళ పిల్లల గురించి తీర్పులు చెప్పేవాళ్ళు ఈ రెండో సంగతి కూడా చదువుకుంటే మంచిది.

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం.

సంక్రాంతి వెళ్ళాక, పెళ్ళిళ్ళ సీజను అయ్యాక ఓపీలో ఒక రకం జనం పెరుగుతారు. పిల్లవాడికి జబ్బేమీ ఉండదు. చుట్టాలింట్లో పెళ్ళికి వారం రోజులు వెళ్ళారు, స్కూలువాళ్ళు మెడికల్ సర్టిఫికెట్ అడిగారు. “టైఫాయిడ్ అని రాసి ఇవ్వండి సిస్టరమ్మగారూ, మనం మనం ఒక సంఘం వాళ్ళమే కదా” అంటారు. పిల్లవాడు బెంచీ మీద కూర్చుని అంతా వింటుంటాడు. పదేళ్ళు సండే స్కూలులో నేర్పినదాన్ని ఆ పది నిమిషాలు తుడిచిపెట్టేస్తాయి. బస్సులో అరటికెట్టు కోసం పిల్ల వయసు తగ్గించి చెప్పడం, అప్పులవాడు తలుపు కొడితే “నాన్న లేరని చెప్పు” అనడం కూడా ఈ జాతివే. చిన్న అబద్ధాలని మనం అంటాం. అబద్ధంలో చిన్నదీ పెద్దదీ తేడా పిల్లలకు తెలియదు, ఎప్పుడు వాడుకోవచ్చో మాత్రం నేర్చుకుంటారు.

చుట్ట సంగతి. మన కోస్తాలో కొందరు ఆడవాళ్ళకు అడ్డపొగ తాగే అలవాటుంది, నిప్పు ఉన్న వైపును నోట్లో పెట్టుకుని. అంగిలి మీద తెల్లమచ్చలు, తరువాత కేన్సరు రావడానికి అదొక కారణం. ఒక పెద్దావిడ, అంగిలి అంతా కాలిపోయి చూపించుకోవడానికి వచ్చి, వెంట వచ్చిన మనవణ్ణి చూపించి “వీడు సిగరెట్లు కాలుస్తున్నాడు, కాస్త బుద్ధి చెప్పండమ్మా” అంది. మనవడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ ఆ నోరు చూశాక నవ్వు నిలవలేదు. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు పొగాకు అమ్మకూడదని 2003 నుంచి చట్టముంది. అయినా కొట్టుకు పంపి సిగరెట్లు తెప్పించుకునే నాన్నలు మన సంఘాల్లోనే ఉన్నారు. 2003-04 ప్రాంతంలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాదిపాటు మరణాల లెక్క తీస్తే, నూటికి 32 గుండెకు, రక్తనాళాలకు సంబంధించిన జబ్బుల వల్లేనని తేలింది. ఆ జబ్బులకు పొగాకు ఒక ముఖ్యమైన కారణం.

మద్యం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆపరేషనుకు చేర్చుకునేటప్పుడు “అలవాట్లేమైనా ఉన్నాయా?” అని అడుగుతాం. “లేవండి, మేం విశ్వాసులం” అని జవాబు. భార్య నేలచూపులు చూస్తుంది. పక్కనున్న పిల్ల తండ్రి ముఖం వైపు చూస్తుంది. రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేస్తే రెండో రోజుకో, మూడో రోజుకో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, మూర్ఛలు రావచ్చు, లేనివి కనబడి కేకలు వేయవచ్చు. ముందే చెబితే దానికి మందులున్నాయి. దాచిపెడితే, ఆపరేషను చక్కగా జరిగిన మనిషి కూడా ఈ కారణంతో ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. పరువు కోసం ఆడిన అబద్ధానికి ఇంత ఖరీదు ఉంటుంది.

ఆ పిల్లకు ఇంట్లో ముందే చెప్పి ఉంచుతారు. అయ్యగారికి చెప్పకు, అమ్మమ్మకు చెప్పకు, స్కూల్లో చెప్పకు. తండ్రి తాగుడుకంటే పిల్లను కాపలా పెట్టడమే పెద్ద తప్పని నేనంటాను. ఇంట్లో జరిగేది బయట చెప్పకూడదని, చెబితే ఇంటి పరువు పోతుందని నేర్చుకున్న పిల్ల, రేపు తనకే ఏదైనా జరిగితే ఎవరికి చెబుతుంది? చుట్టమో, ట్యూషను మాస్టారో తాకరాని చోట తాకితే నోరు విప్పుతుందా? పిల్లలపై లైంగిక నేరాలకు 2012లోనే గట్టి చట్టం వచ్చింది, 1098 నంబరుకు ఫోను చేస్తే సాయం చేసేవాళ్ళున్నారు. కానీ చట్టానికైనా, ఫోనుకైనా ముందు పిల్ల నోరు పెగలాలి. ఆ నోటిని చిన్నప్పటినుంచి మనమే కుట్టేస్తున్నాం.

మార్కుల సంగతి కూడా ఇంతే. కృప గురించి ఆదివారం చేతులెత్తి పాడి, ఇంటరు ఫలితాలు వచ్చిన సాయంత్రం కొడుకుతో మాట్లాడడం మానేస్తే, ఏది నిజమైన నాన్నో వాడికి తెలిసిపోతుంది. డెల్టాలో ఏ ఆసుపత్రిలోనైనా పురుగుమందు తాగిన పిల్లలను చూడని నర్సు ఉండదు. ప్రతి దానికీ కారణం తల్లిదండ్రులని నేననను. ‘ఫెయిలయ్యాను’ అనే ఒక్క మాట ఇంట్లో చెప్పుకోగలిగితే కొందరు మా దాకా వచ్చేవాళ్ళు కారని మాత్రం అంటాను. మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడడానికి 2022 నుంచి 14416 అనే ఉచిత ప్రభుత్వ నంబరుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంకా రెండు విషయాలు. ఇంట్లో పనిచేసే మనిషికి విడిగా ఒక గ్లాసు పెరటి గట్టు మీద బోర్లించి పెడతాం, ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలు పుచ్చుకుంటాం. పిల్లలకు రెండూ కనబడతాయి. రెండోది కట్నం. 1961 చట్టం ప్రకారం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే. “మేమేమీ అడగలేదండీ, వాళ్ళే ముచ్చటపడి పెట్టుకుంటున్నారు” అనే మాట, ఆడపడుచు లాంఛనాల బేరం లోపలి గదిలోంచి పెళ్ళికూతురు వింటూనే ఉంటుంది. ప్రార్థనతో మొదలుపెట్టి ప్రార్థనతో ముగించే బేరం అది.

ఇదంతా విని కొందరు నన్నడుగుతారు. “అయితే నేను తాగుతున్నంతకాలం నా కొడుకును తాగొద్దని చెప్పకూడదా?” చెప్పాలి. గోతిలో పడ్డవాడు వెనక వచ్చేవాణ్ణి కేక వేసి ఆపడం వేషం కాదు. బలహీనత ఉన్నంతమాత్రాన ఎవరూ వేషధారి కాదు. పేతురు మూడుసార్లు బొంకి వెక్కివెక్కి ఏడ్చాడు, ప్రభువు అతణ్ణి ఆ పేరుతో పిలవలేదు. గోతిలో ఉండి, నేను మేడ మీద ఉన్నానని కేక వేస్తేనే అది వేషం.

సంఘంలోని పెద్దలకు కూడా ఒక విన్నపం. ఒక మనిషి ధైర్యం చేసి తన అలవాటు అయ్యగారితో చెప్పుకుంటే, వారం తిరిగేలోగా అది స్త్రీల సమాజంలో ప్రార్థన మనవిగా చుట్టి వస్తుంది. ప్రార్థన పేరుతో చెప్పినా చాడీ చాడీయే. చెప్పుకున్నవాడికి శిక్ష, దాచుకున్నవాడికి పెద్దరికం దొరికే చోట జనం ముఖాలు కప్పుకోక ఏం చేస్తారు? రోగి చెప్పిన సంగతి వార్డు దాటితే మేము నర్సులను పిలిచి మందలిస్తాం. చర్చిలో కూడా అలాంటి కట్టుబాటు ఉండాలి.

పొగాకు మానాలనుకునేవాళ్ళకు 1800-11-2356 అనే ఉచిత ఫోను ఉంది. మద్యం అలవాటు గట్టిగా ఉన్నవాళ్ళు మాత్రం ఇంట్లో ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా మానేయకండి, పైన చెప్పిన ప్రమాదం ఉంది. డాక్టరుతో నిజం చెప్పి, ఆయన చెప్పిన పద్ధతిలో మానండి.

పిల్లలకు ఎంతవరకు చెప్పాలి అని మీలో కొందరికి సందేహం. వాళ్ళ జాలి కోసం ఏడుస్తూ చెప్పకండి, ఆ బరువు వాళ్ళది కాదు. చిన్నవాళ్ళకు రెండు మాటలు చాలు: నాన్నకు ఇది మంచిది కాదని తెలుసు, మానడానికి డాక్టరు దగ్గరకు వెళ్తున్నాడు. మీరిద్దరూ వాళ్ళ ఎదుట పోట్లాడుకుంటే, క్షమాపణ కూడా వాళ్ళ ఎదుటే చెప్పుకోండి, గదిలో తలుపు వేసుకుని కాదు. పదిహేనేళ్ళవాళ్ళు ఇంకా అడుగుతారు. ఎప్పటినుంచి, ఎంత, అమ్మకు తెలుసా అని. అడిగినదానికి జవాబు చెప్పండి. అడగనిది కలపకండి. అప్పుడు వాడు కాసేపు ఊరుకుని, “నేనూ ఒకసారి ఫ్రెండ్సుతో తాగాను నాన్నా” అనవచ్చు. ఆ మాట వచ్చినప్పుడు చెయ్యెత్తకండి. పక్కన కూర్చుని, ఎప్పుడు, ఎవరితో, ఏమైందో పూర్తిగా చెప్పనివ్వండి.